మిగతా 156 గంటలు: ఊరు విడిచి వెళ్లిన మా చిత్తూరు జిల్లా పిల్లలకు బహిరంగ లేఖ

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

మీలో కొందరికి నేను బడిలో పాఠాలు చెప్పాను. మిగతావాళ్లు నాకు ముఖం తెలియకపోయినా పక్క ఊళ్ల పిల్లలే. పెనుమూరు, పూతలపట్టు, గంగాధర నెల్లూరు, బంగారుపాళ్యం వైపు నుంచి చదువుకుని బెంగళూరుకో చెన్నైకో వెళ్లి స్థిరపడ్డవాళ్లు. ఆ రెండు నగరాలూ మనకు నాలుగైదు గంటల దారి. శుక్రవారం రాత్రి బస్సెక్కి రావడం, ఆదివారం రాత్రి తిరిగి వెళ్లడం మన ఇళ్లలో మామూలైపోయింది. మీ అమ్మకో నాన్నకో పెద్ద జబ్బు చేసిందని తెలిసిన రోజున మీరు తీసుకోబోయే నిర్ణయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజున ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది. "ఊళ్లో ఏముంది? ఇక్కడికి తీసుకొచ్చేస్తాను." ఆ మాటలో ప్రేమ ఉంది, భయం ఉంది, దగ్గర లేమన్న బాధ ఉంది. మా నాన్నకు రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని తేలినప్పుడు బెంగళూరులో ఉన్న మా తమ్ముడూ అదే అన్నాడు. వాడి ఇంటికి దగ్గర్లోనే డయాలసిస్ (యంత్రంతో రక్తం శుద్ధి చేసే చికిత్స) కేంద్రం ఉంది, ఇంట్లో లిఫ్టు ఉంది, కింద కారు ఉంది. వాడు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాన్న మాత్రం రానన్నారు.

ఊళ్లో ఏముందో ఆ తర్వాత నేను కళ్లారా చూశాను. అదే మీకు చెప్పాలని ఉంది.

మా నాన్న మామిడి రైతు. అయినా మా చుట్టుపక్కల ఆయన్ను ఎరిగినవాళ్లంతా ఎరిగింది భారతం వల్లే. మన జిల్లాలో ఎండాకాలం వస్తే ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. చాలా ఊళ్లలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం. ఆ నాటకాల్లో నాన్న వయసులో ఉన్నప్పటి నుంచీ దుర్యోధనుడి వేషం కట్టారు. మైకులు లేని రోజుల్లో కూడా ఆయన పద్యం చెరువు కట్ట దాకా వినిపించేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వేషం కట్టడం నేర్పిస్తారు కాబట్టి ఊళ్లో చాలామందికి ఆయన 'అయ్యవారు'.

బీపీ ఉందని తెలిసినా మందులు క్రమంగా వేసుకోని రైతులు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. మోకాళ్లు పట్టేసినప్పుడు మాత్రం నొప్పి మాత్రలు తప్పవు. నాన్నదీ అదే దారి. పాదాలు వాచి, అన్నం సయించక, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే దశకు చేరాక పరీక్షలు చేయిస్తే విషయం తెలిసింది. కిడ్నీ జబ్బు గుణమే అది. చాలా భాగం పాడయ్యేదాకా పైకి ఏమీ కనిపించదు. బీపీ, షుగరు ఈ జబ్బుకు ప్రధాన కారణాలు. ఏళ్ల తరబడి అడ్డూఅదుపూ లేకుండా వాడే నొప్పి మాత్రలు దానికి తోడవుతాయి. కిడ్నీ మార్పిడికి నాన్న గుండె బలం చాలదని డాక్టర్లు చెప్పేశారు. ఇక మిగిలింది డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, బతికినన్నాళ్లూ.

ఎడమ చేతి మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. ధమనిలోని రక్తం వేగానికి సిర కొన్ని వారాల్లో లావెక్కి, పెద్ద సూదులు పదేపదే గుచ్చినా తట్టుకునేలా తయారవుతుంది. నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే వైద్యుడు 1943లోనే కృత్రిమ కిడ్నీ యంత్రాన్ని పనిచేయించాడు. కానీ ప్రతిసారీ కొత్త రక్తనాళం వెతకవలసి రావడంతో రోగిని కొద్ది రోజులకు మించి నిలబెట్టడం కుదిరేది కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే వైద్యుడు రోగి చేతికి శాశ్వతంగా ఒక గొట్టం అమర్చి ఆ చిక్కుముడి విప్పాడు. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందం గొట్టం కూడా అక్కర్లేని ఈ ఫిస్టులా పద్ధతిని ప్రకటించింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చిత్తూరులో నాన్న చేతికి ఉన్నదీ, బెంగళూరులో పెద్ద ఆసుపత్రిలో పడుకున్న మనిషి చేతికి ఉన్నదీ అదే ఫిస్టులా. యంత్రం చేసే పని కూడా రెండు చోట్లా ఒకటే. కేంద్రంలో నీటి శుద్ధి ఎలా ఉంది, సూది వేసే చెయ్యి ఎంత నేర్పుగలది, శుభ్రత పాటిస్తున్నారా అన్నవి తప్పక చూసుకోవాలి. నగరంలోనైనా చూసుకోవలసినవి అవే.

ఖర్చు సంగతి కూడా చెప్పేస్తాను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో మన రాష్ట్రంలో అర్హులకు డయాలసిస్ ఉచితం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. రాష్ట్రం దాటితే ఆ కార్డు కొన్ని ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. వారానికి 168 గంటలు. అందులో యంత్రం దగ్గర గడిచేవి 12. మిగతా 156 గంటలు మనిషి ఎక్కడో ఒకచోట బతకాలి. తినాలి, దాహాన్ని ఓర్చుకోవాలి, నిద్రపోవాలి, ఎవరితోనో మాట్లాడాలి, రేపటికి ఒక పని ఉందనుకోవాలి. పిల్లలు నగరానికి తీసుకెళ్లేది ఆ 12 గంటల కోసం. ఈ 156 గంటల గురించి ఎవరూ అడగరు.

ఫిస్టులా ఉన్న చేతిని రోజూ తాకి చూసుకోవాలని డాక్టరు చెప్పారు. రక్తం వేగంగా పోతుంటే చర్మం కింద సన్నని అదురు తెలుస్తుంది. అది తగ్గినా ఆగినా గడ్డ కట్టిందేమోనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాన్న వేళ్లు పార పట్టీ పట్టీ కాయలు కాసినవి. ఆయనకు ఆ అదురు సరిగా తెలియదు. అమ్మ చేతులదీ అదే పరిస్థితి. అందుకని బడి వదిలాక వీధిలో పిల్లలు మా అరుగు మీదికి చేరతారు. వంతులవారీగా లేత వేళ్లు ఆనించి చూస్తారు. "మోగుతోంది తాతా" అంటాడు ఒకడు. "నాకు గుర్రుమంటోంది" అంటుంది ఇంకొకతి. ఒకసారి మూడో తరగతి పిల్ల చాలాసేపు చెయ్యి తియ్యకుండా చూసి, "ఇవాళ సన్నగా ఉంది తాతా" అంది. పెద్దవాళ్లెవరూ ఆ మాటను కొట్టిపారేయలేదు. అమ్మ అప్పటికప్పుడు ఆటో పిలిపించింది. గడ్డ ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి ఫిస్టులా దక్కిందని చెప్పి పంపించారు డాక్టరు. ఆ పిల్లకు ఊళ్లో ఇప్పుడు 'డాక్టరమ్మ' అనే పేరు.

ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు, ఆ వైపు ఒత్తిగిలి పడుకోకూడదు. మా ఆవులు రెండూ నాన్న చెయ్యి తప్ప ఎరగవు. ఎదురింటి అత్త తెల్లవారుజామున వచ్చి, అవి తన్నినా ఓపిక పట్టి, పాలు పితికి, పాల కేంద్రంలో పోసి, చీటీ మా గుమ్మంలో పెట్టి వెళ్లడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమెను అడగలేదు. అమ్మ డబ్బు సంగతి ఎత్తితే వారం రోజులు మాట్లాడటం మానేసింది.

దాహం మాత్రం పగవాడికి కూడా వద్దు. మూత్రం దాదాపు ఆగిపోయిన మనిషి తాగినదంతా ఒంట్లోనే ఉండిపోతుంది. నాన్నకు రోజుకు లీటరు లోపే అన్నారు. సంగటి ముద్దలోని నీళ్లూ పులుసులోని నీళ్లూ ఆ లీటరులోకే లెక్క. చిత్తూరు మే నెల ఎండలో ఆ మాట ఎంత కఠినమో ఆలోచించండి. ఎవరింటికి వెళ్లినా ముందు చెంబుతో మజ్జిగ అందించడం మనకు పుట్టుకతో వచ్చిన మర్యాద. నాన్న విషయంలో ఊరు ఆ మర్యాదను మార్చుకుంది. టీ కొట్టు అతను ఒక బుల్లి స్టీలు గ్లాసు విడిగా పెట్టాడు. అది నాన్నదని అందరికీ తెలుసు. ఇళ్లలో చెంబుకు బదులు రెండు ఐసు ముక్కలు ఇస్తారు, చప్పరించమని.

పండ్ల సంగతి ఇంకా కష్టం. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. మామిడి, అరటి, కొబ్బరినీళ్లు ఆయనకు పనికిరావు. జూన్, జూలైలలో తోతాపురి కాయలు ట్రాక్టర్లకెత్తి గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే ఊళ్లో, తన తోట కాయ తను తినలేని మనిషి ఆయన. తోటలోకి మాత్రం రోజూ వెళ్తారు. కాయ చేతిలోకి తీసుకుని ముచ్చిక దగ్గర వాసన చూసి, కోతకు వచ్చిందో లేదో చెబుతారు. రోగిని చూడవచ్చేవాళ్లు తొలిరోజుల్లో అరటిపండ్లు, కొబ్బరి బోండాలు తెచ్చేవారు. అమ్మ ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్లందరికీ కూరగాయల ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండటం తెలుసు. ఉప్పు తగ్గించిన వంకాయ కూర గిన్నెలో పెట్టి, "అయ్యవారికి" అని పంపుతారు.

నాన్నకు సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. మధ్యలో రెండు రోజుల ఎడం వచ్చేది వారాంతంలోనే. ఒంట్లో నీరు ఎక్కువగా చేరేదీ, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ ఎడం చివరే. ఆదివారమేమో వేటమాంసం వండుకునే రోజు. కాబట్టి ఆదివారం మా వీధి జాగ్రత్తగా ఉంటుంది. సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని పిల్లకాయలకు పద్యాలు చెప్పిస్తారు. అమ్మ వంటింట్లోంచే వింటుంది. పద్యపాదం మధ్యలో ఆయన ఊపిరి పీల్చుకున్నారంటే నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చిందని ఆమెకు అర్థమవుతుంది. ఏదో ఒక నెపం చెప్పి ఆటో అతన్ని రాత్రికి మా ఇంటి ముందే పడుకోమంటుంది. ఏ యంత్రమూ చెప్పకముందే ఆమెకు ఆ సంగతి పద్యం చెబుతుంది. ఏడో అంతస్తు ఫ్లాటులో, కోడలూ కొడుకూ ఆఫీసుకు వెళ్లాక, ఆయన ఎవరికి పద్యం చెబుతారు?

డయాలసిస్ మొదలైన ఏడాది భారతం వచ్చింది. కమిటీ పెద్దలు ఇంటికొచ్చి, మొహమాటపడుతూనే, "ఈసారి ధృతరాష్ట్రుడి వేషం కట్టండి అయ్యవారూ, కూర్చునే చెప్పొచ్చు" అన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. నాన్న తల అడ్డంగా ఊపారు. "నిలబడగలిగినంతసేపు దుర్యోధనుడినే కడతాను. ఆ తర్వాతిది కుర్రాడు కడతాడు." చిక్కల్లా భుజకీర్తుల దగ్గర వచ్చింది. అవి చేతికి తాళ్లతో బిగించి కట్టేవి. ఎడమ చేతికి బిగువు తగిలితే ఫిస్టులాకే ముప్పు. మా ఊరి వడ్రంగి పాత భుజకీర్తిని విప్పి, లోపల చెక్కను గుల్లగా తొలిచి బరువు తగ్గించి, చేతిని తాకకుండా మెడ వెనక నుంచి వీపు మీదికి పట్టీ వేశాడు. మూడుసార్లు కొలతలు చూశాడు. ఆ రాత్రి మయసభ ఘట్టంలో నాన్న తెర వెనక నుంచి వచ్చి ఒక్క పద్యం మాత్రమే పాడారు. ఊపిరి మధ్యలో తెగింది. హార్మోనియం అతను ఆ తెగిన చోటును తన స్వరంతో నింపి ఆయన మళ్లీ అందుకునేదాకా పట్టుకుని నిలబెట్టాడు. మర్నాడు ఉదయం నాన్న చెవుల వెనక ఎర్రరంగు పూర్తిగా వదలకుండానే సూదులు పెట్టించుకోవడానికి వెళ్లారు.

ఊరు గురించి ఇంత మంచి చెప్పాను కాబట్టి మిగతాదీ చెప్పాలి. మా నాన్నకు దక్కిన ఆదరణ మా ఊళ్లో అందరికీ దక్కేది కాదు. రోడ్డుకు అవతల కాలనీలో ఒక పెద్దమ్మకు కూడా ఇదే జబ్బు. ఆమె కూడా సోమ, బుధ, శుక్రవారాల్లోనే వెళ్లేది. ఒంటరిగా, రెండు బస్సులు మారి, తిరిగి వచ్చేటప్పుడు కళ్లు తిరిగి బస్టాండులో కూర్చుని. ఒకే ఊరివాళ్లం. నాన్న ఆమెను చూసింది చిత్తూరులో పక్క మంచం మీద. తర్వాతి ప్రయాణానికి ఆటో కాలనీ మలుపులో ఆగాలని ఆయన చెప్పారు. ఒకరిద్దరు గొణిగారు. నాన్న గట్టిగానే అన్నారు: "అక్కడ ఇద్దరికీ ఒకే ట్యాంకు నీళ్లతో రక్తం కడుగుతున్నారు. ఆటోలో పక్కన కూర్చుంటే వచ్చే నష్టం ఏమిటి?" అప్పటి నుంచి ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. ఆమె మా అరుగు మీద కూర్చుంటుంది. కూర గిన్నెలు ఇప్పుడు రోడ్డు దాటుతున్నాయి. ఇన్నేళ్లు ఎందుకు దాటలేదో ఊరు తనను తాను అడగాలి. ఊళ్లో అయినవాళ్లు లేని మనిషికి, కులం పేరుతో దూరం పెట్టిన మనిషికి "మన ఊరు చూసుకుంటుంది" అన్న మాట వట్టి మాటే. మీరు ఊరికి వచ్చినప్పుడు ఆ దూరాన్ని తగ్గించే పని కూడా మీదే. చదువుకున్నారు, బయట ప్రపంచం చూశారు, మీ మాటకు ఇక్కడ విలువ ఉంది.

ఇంకో సంగతి నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వదు. ఆటో నడిపే అతనికి అరవై దగ్గర పడింది. చీకట్లో ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్లు చెదురుతున్నాయంటున్నాడు. ఆవులు పితికే అత్తకు నడుము నొప్పి. వడ్రంగి కొడుకు హోసూరులో ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. హార్మోనియం అతని తర్వాత హార్మోనియం ఎవరికీ రాదు. ఊరంటే ఈ మనుషులే. అర్ధరాత్రి బండి తీయగలిగిన వయసువాళ్లందరూ మీ దగ్గర, ఆ నగరాల్లో ఉన్నారు. "మా ఊళ్లో అందరూ ఒకరికొకరు తోడు" అని మీరు ఆఫీసులో గర్వంగా చెప్పుకుంటున్నప్పుడు ఇక్కడ ఆ తోడు ఇస్తున్నవాళ్ల వయసెంతో గుర్తుచేసుకోండి.

అందుకని నేను అడిగేది రెండువైపులా ఉంది. మీ అమ్మానాన్నలను లాక్కెళ్లే ముందు వాళ్లను అడగండి. ఫోనులో కాకుండా, వచ్చి, రెండు రోజులు ఉండి, వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూసి అడగండి. పెద్ద ఆపరేషన్ ఉన్నప్పుడు, క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టవలసినప్పుడు, గుండెకు స్టెంటు వేయవలసినప్పుడు క్షణం ఆలస్యం చేయకండి. తిరుపతి ఉంది, వేలూరు ఉంది, మీ నగరాలున్నాయి. ఎక్కడ మంచి వైద్యం దొరికితే అక్కడికే తీసుకెళ్లాలి. ఆ ఘడియ దాటి, జబ్బుతో ఏళ్ల తరబడి కలిసి బతకవలసి వచ్చినప్పుడు మాత్రం, ఎక్కడ బతకాలో చెప్పే హక్కు రోగిదే. ఒంటరి ఇంట్లో, పలకరించే దిక్కులేని చోట ఉన్నవాళ్లు మీతో వస్తామంటే సంతోషంగా తీసుకెళ్లండి. ఉంటామన్నవాళ్లను "మొండితనం" అనకండి.

వాళ్లు ఉంటామంటే మీ పని అయిపోయినట్టు కాదు. మా తమ్ముడు ఏం చేశాడో చెబుతాను. ఇంటి నుంచి పనిచేసే వీలున్న వారాల్లో వాడు ఊళ్లోనే ఉండి, తెల్లవారుజామున బండి తానే నడుపుతున్నాడు. వెళ్లేటప్పుడు పెద్దమ్మను కూడా ఎక్కించుకుంటాడు. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలు కట్టాడు. ఏ డాక్టరు అడిగినా నాన్న వెదుక్కోనక్కరలేదు. మీలో నలుగురైదుగురు కలిస్తే ఒక్కొక్కరికి నెలకు ఒక వారం పడుతుంది. ఊరికి ఒక పాత వ్యాన్ కొనడం మీ జీతాలకు మోయలేని భారం కాదు. దాన్ని నడిపే కుర్రాడికి జీతం ఇవ్వడం కూడా కాదు. అత్తకు డబ్బిస్తే తీసుకోదు, కానీ ఆమె నడుముకు ఫిజియోథెరపీ చేయించడానికి తీసుకెళితే కాదనదు.

ఈసారి వచ్చినప్పుడు మీ అమ్మానాన్నలకు బీపీ, షుగరుతో పాటు కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. అల్మరాలో ఉన్న నొప్పి మాత్రలు బయటికి తీసి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో డాక్టరుకు చూపించండి. నాన్న ఈ మాట తన దగ్గరికి వచ్చే ప్రతి రైతుకూ చెబుతున్నారు. నాటకం విరామంలో మైకు పట్టుకుని కూడా చెప్పారు.

మా ఊరి భారతం ఈ ఏడాది కూడా మే నెలలోనే. ధ్వజారోహణం నాటి ఉదయం గుడి దగ్గర కూర్చుని వ్యాన్ విషయం మాట్లాడదాం. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లు, నెలలో ఏయే రోజులు ఊళ్లో ఉండగలరో రాసుకుని రండి. పక్క ఊళ్ల పిల్లలు కూడా రావచ్చు, మీ ఊళ్లలో డయాలసిస్‌కు వెళ్తున్నవాళ్లు ఎంతమందో, ఏ రోజుల్లో వెళ్తున్నారో కనుక్కుని వస్తే దారులు కలిపి చూద్దాం. కాలనీవాళ్లు కూడా ఆ మాటలకు వస్తారు, వాళ్లతో కలిసే కూర్చుంటాం.

మీ అక్క,
చిత్తూరు జిల్లాలో ఒక ప్రభుత్వ బడి ఉపాధ్యాయురాలు